ఆమె తాగని నీళ్లు

ఊళ్లు తిరగడానికి ఇల్లులా కట్టించుకున్న మా బండి కింద ఒక తొట్టి ఉంటుంది. గిన్నెలు తోమిన నీళ్లు, మొహం కడుక్కున్న నీళ్లు అన్నీ అందులోకి పోతాయి. దానికి పైపు తగిలించి కాక్ తిప్పితే మోరీలోకి వెళ్లిపోతాయి. ఆ పనికి నాకెప్పుడూ నామోషీ అనిపించలేదు. వెనక చిన్న గదిలో కమోడు కింద ఇంకొకటి ఉంటుంది, పెట్టెలాంటి డబ్బా. దానికి పైపు లేదు. బయటివైపు చిన్న తలుపు తీసి, పిడి పట్టుకుని లాగి, చేత్తో మోసుకెళ్లి పారబోయాలి. నేను చెప్పబోయేదంతా ఆ డబ్బా గురించే. ముక్కు మూసుకునేవాళ్లు మూసుకోవచ్చు.

ముప్పై ఏళ్లు బస్సు నడిపాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మళ్లీ సూర్యాపేట. మా ఇల్లు సూర్యాపేటలో, నా భార్య పుట్టిల్లు కోదాడలో. గంట దారి. అయినా నా బస్సు ఆమె ఎన్నిసార్లు ఎక్కిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రయాణాలంటే పడవు కాబోలు అనుకున్నాను. రిటైరయ్యాక ఒకరోజు తీరిగ్గా కూర్చుని అడిగితే అప్పుడు చెప్పింది. "మధ్యలో వస్తే నేనెక్కడికి పోనండీ? మగవాళ్లకైతే ఏ చెట్టైనా సరిపోద్ది." కోదాడ వెళ్లాలంటే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేసేదట. బస్సాపమని బతిమాలిన ఆడవాళ్లను ఎంతమందిని నేను, "బస్టాండొస్తది గదమ్మా, జర ఓపిక పట్టు" అని కసిరానో గుర్తొచ్చింది.

అప్పుడు కొన్నదే ఈ బండి. ఒక స్కూలు వాళ్లు అమ్మేసిన పాత వ్యాను. కోదాడలో బాడీ కట్టే షెడ్డులో పెట్టి సీట్లన్నీ పీకించి మంచం, పొయ్యి, సింకు, ఆ చిన్న గది పెట్టించాను. మొదటిరోజు ఆమె ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది, తీసింది, మళ్లీ వేసుకుంది. బయటికొచ్చి చిన్నపిల్లలా నవ్వింది. ఆ రోజే హుజూర్‌నగర్‌లో చాయ్ కోసం ఆగాం. "ఏవండీ, ఇంకో చాయ్ తాగనా?" అంది. రోడ్డు మీద ఉండగా ఆమె రెండో చాయ్ అడగడం పెళ్లయ్యాక అదే మొదలు. తర్వాత కొబ్బరిబోండం తాగింది, సోడా తాగింది. సాగర్ చూశాం, మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున రెండు రోజులున్నాం. మజ్జిగ కలిపి సీసాల్లో పోసుకునేది. నేను బండి నడుపుతుంటే వెనకనుంచి పాత పాటలేవో కూనిరాగాలు తీసేది. అంత సంతోషంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

అయితే తాగినదంతా ఆ డబ్బాలోకే చేరుతుంది. చక్కగా దాన్ని పారబోసేందుకు చోటంటూ సాగర్‌లో బండ్లు నిలిపే జాగాలో ఒక్కటే ఉంది. సిమెంటు గచ్చు, మధ్యలో జాలీ వేసిన గుంట, పక్కన నల్లా. మిగతా ఊళ్లలో ఎవరినో ఒకరిని బతిమాలుకోవాల్సిందే. మిర్యాలగూడలో తెలిసినాయన రైసుమిల్లు లెట్రిన్, సూర్యాపేట బైపాస్ మీద పెట్రోలు బంకు. ఒకసారి ఓపిక నశించి సాగర్ ఎడమ కాల్వ గట్టున బండి ఆపాను. "ఈడనే ఒంపేస్తనే, ఎవడు సూస్తడు?" అన్నాను. ఆమె కిందికి దిగి ఆ చిన్న తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఈ నీళ్లు తాగేవాళ్లున్నారు. మీరు పోస్తే నేను మళ్లీ ఈ బండెక్కను." గొణుక్కుంటూ బండి తిప్పాను.

గొణగడం నా జబ్బు. మోసిన ప్రతిసారీ ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆమె నవ్వి ఊరుకునేది.

ఆ తర్వాత ఒకరోజు, మిట్టమధ్యాహ్నం, సూర్యాపేట బంకులో డబ్బా పట్టుకుని లెట్రిన్ వైపు నడుస్తున్నాను. నాతో పదేళ్లు పనిచేసిన కండక్టరు, మా బండి సంగతి తెలిసినవాడే, ఎదురయ్యాడు. పక్కన ఇంకో నలుగురున్నారు.

"అన్నా, ఏడికే గా సూట్‌కేసు పట్టుకొని? ఊరికి పోతున్నవా?"

"ఏం లేదురా, ఇంజన్ ఆయిలు."

"బరువున్నట్టుంది, ఇటియ్యి, నేను పట్టుకుంట."

వద్దంటే వినడే! పిడి మీద చెయ్యి వేసి గుంజాడు. డబ్బా అటూ ఇటూ ఊగింది, లోపల గుడగుడమంది. మూత పక్కనుంచి నాలుగు చుక్కలు అతని చెప్పుల మీద పడ్డాయి. వాసన పట్టేసి వెనక్కి దూకాడు. "ఓర్నీ! వదినె డబ్బా మోస్తున్నవా అన్నా!" అని పగలబడి నవ్వాడు. ఆ నలుగురూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

బండి దగ్గరికొచ్చేసరికి ఆమె సింకు దగ్గర గ్లాసు కడుగుతోంది. నా నోరు పడిపోను, అన్నాను. "నీ ఉచ్చ మోసుడే అయిపాయె నా బతుకు! గంత గనం తాగుడెందుకు? జరసేపు ఆపుకుంటే ఏం పోతది నీకు?"

ఆమె నల్లా కట్టేసింది. గ్లాసు బోర్లించింది. "సరేలెండి" అంది. అంతే. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. ఇంటికెళ్లే లోపే నేనన్న మాట నేను మరిచిపోయాను.

ఆ తర్వాత డబ్బా తేలికైంది. అంతకుముందు రోజుకోసారి పారబోసేవాణ్ణి, ఇప్పుడు రెండు మూడు రోజులకోసారి పారబోస్తే సరిపోయేది. దాంట్లో పోయడానికి నీలం రంగు మందొకటి ఉంటుంది. ఆమధ్యే కొత్త రకం తెచ్చాను. ఆ మందు మహిమేనని నా నమ్మకం. "సూసినవానే, మందు ఎంత మంచిగ పనిచేస్తున్నదో! మొత్తం ఇగిరిపోతున్నది" అని ఆమెతోనే గొప్పలు చెప్పాను. "అవునండీ" అంది. ముప్పై ఏళ్లు బండి నడిపినవాణ్ణి, అద్దంలో వెనకున్న వాళ్లందరినీ కనిపెట్టి ఉండేవాణ్ణి. నా వెనక రెండడుగుల దూరంలో ఉన్న మనిషి పెదాలు ఎండిపోవడం చూడలేదు. మజ్జిగ సీసాలు ఎప్పుడు మాయమయ్యాయో చూడలేదు. పాటలు ఎప్పుడు ఆగాయో కూడా చెప్పలేను. థూ, ఏం మనిషిని!

ఎండాకాలం చుట్టాల పెళ్లికని మిర్యాలగూడ వెళ్లాం. పందిట్లో కూర్చున్నదల్లా వణికిపోవడం మొదలుపెట్టింది. ఒళ్లు కాలిపోతోంది, నడుం పట్టుకుని వంగిపోయింది. దవాఖానకు తీసుకెళ్లాను. ఉచ్చలో మొదలైన ఇన్ఫెక్షను కిడ్నీల దాకా పోయిందన్నారు. సెలైన్ పెట్టారు. మందుల చీటీ నా చేతికిచ్చారు. కొనుక్కొని వస్తుంటే పరదా అవతల నర్సమ్మ గొంతు వినపడింది.

"రోజుకు నీళ్లెన్ని తాగుతవమ్మా?"

"ఇంటి దగ్గరైతే బానే తాగుతానమ్మా. బండిలో ఉన్నప్పుడే, పొద్దున మాత్రలకో గ్లాసు, అన్నం తినేటప్పుడు ఓ గ్లాసు."

"బండ్ల బాత్రూం ఉందంటివి గద?"

"ఉందమ్మా. ఆయన మొయ్యాలి కదా, అందుకని."

పరదా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. లోపలికి వెళ్లే మొహం లేదు. నిష్ఠూరంగా కూడా అనలేదు ఆమె. మా ఇంట్లో ఉప్పు ఎక్కడ పెడతామో చెప్పినట్టు చెప్పింది. బస్సులో తెలియని పిల్లలు కక్కుకుంటే బకెట్టు నీళ్లతో ఎన్నిసార్లు కడిగాను, ఒక్కరినీ పల్లెత్తు మాట అనలేదు. కట్టుకున్నదాని దగ్గరికొచ్చేసరికి నాకు రోషం వచ్చింది. ఎందుకొచ్చిందో తెలుసు. నలుగురు నవ్వారు, అందుకు. ఆ నలుగురి మొహాలు ఇప్పుడు గుర్తుకూడా లేవు.

వారం రోజులున్నాం అక్కడ. ఒకరోజు ఆమె చెయ్యి పట్టుకుని, "నేను మోస్తనే. రోజుకు పదిసార్లయినా మోస్త. నువ్వు తాగు" అన్నాను. "ఊరుకోండి, పక్కమంచం వాళ్లు వింటారు" అని చెయ్యి విడిపించుకుంది. కోప్పడి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది.

ఈమధ్యే, వానలు తగ్గాక, బతిమాలి సాగర్ తీసుకెళ్లాను. తిరుగుదారి పట్టేముందు డబ్బా బయటికి లాగి, అందరూ చూస్తుండగా గుంట దగ్గరికి మోసుకెళ్లి పారబోశాను. నల్లా కింద రెండుసార్లు కడిగాను. పక్క బండాయన ఏంటది అనడిగితే, "మా ఇంటామె బాత్రూం డబ్బా" అని గట్టిగానే చెప్పాను. "ఖాళీ చేసిన, కడిగిన. ఇగ ఫికర్ లేదు, తాగు" అని నీళ్ల సీసా మూత తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె మంచం అంచున కూర్చుని ఉంది, చెయ్యి చాపితే ఆ చిన్న గది తలుపు తగులుతుంది. సీసా పెదాలకు ఆనించుకుని ఒక్క గుక్క తాగి ఆగింది.

"ఏవండీ, ఇక్కణ్ణుంచి ఇంటికి ఎంతసేపు పడుద్ది?"

"అరగంటే" అన్నాను.

సాగర్ నుంచి సూర్యాపేటకు రెండు గంటల పైమాటేనని ఆమెకు తెలియదా! నా మొహంలోకి చూసింది. నా కోసం ఇంకొక్క గుక్క తాగి, మూత బిగించి, సీసా తిరిగి నా చేతిలో పెట్టింది.