మగ్గం గుంతలో తమ్ముడు

తిరువళ్ళూరు కాలేజీలో చదివే మనవరాలు నిన్న ఫోనులో ఒక బొమ్మ చూపించింది. ఎర్ర రక్తకణంలో రాయి పొదిగిన ఉంగరంలాంటిది ఒకటి ఉంది. "ఇదే అవ్వా, మలేరియా. దీని ఒళ్ళంతా ఒకటే కణం," అనింది.

ఆ మలేరియా తిరుత్తణిలో మా ఇంటికి వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి అయిదు. రోజు విడిచి రోజు, సరిగ్గా మధ్యాహ్నం అన్నాల వేళకు వాడికి చలిజ్వరం వచ్చేది. అమ్మ ముందే దుప్పటి తీసి వాకిలి వైపు చూసేది. అంత కచ్చితంగా వచ్చేవాడు మనిషేనని నేను నమ్మాను.

జ్వరం రావాల్సిన ఒక రోజు, అన్నాల వేళకు ముందు అమ్మ నీళ్ళకు, నాయన నూలుకు పోయారు. నేసేటప్పుడు నాయన కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంతలోకి తమ్ముణ్ణి దించి, తలుపు గడియ పెట్టాను.

"అక్కా, దోమలు కుడతాండాయి."

"నోరు మూసుకో. ఇనపడితే జరమోడు పట్టుకుంటాడు."

"నిన్ను పట్టుకుంటే?"

"నేను పెద్దదాన్నిలే."

తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. వీధిలో చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి, మా ఇల్లు దాటిపోయింది. గెలిచామనుకుని వెనక్కి తిరిగాను. మగ్గం మీద పడుగు పోగులన్నీ వణుకుతున్నాయి. కింద గుంతలో తమ్ముడు ఆ పోగులను ఆడించే తొక్కుడు చెక్కలను గట్టిగా పట్టుకున్నాడు.

"వచ్చేసినాడక్కా," అన్నాడు, పళ్ళు కొట్టుకుంటూ.

ఆ మలేరియా ప్రాణులు రక్తకణాలను పగలగొట్టుకుని ఒకేసారి బయటపడే వేళకే చలి పుడుతుందని మనవరాలు చెబుతోంది. నేను వాకిలి కాస్తున్నంతసేపూ అవి వాడి నెత్తుట్లోనే ఉన్నాయి. ఆస్పత్రి మందుతో వాడు కోలుకున్నాడు. ఆ పూట మాత్రం నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. గుంతలోకి దిగి, వణుకు ఆగేదాకా వాణ్ణి వాటేసుకుని కూర్చున్నాను.