సీటు మీద గొంగడి

1956లో నన్ను మైదుకూరు పశువుల ఆసుపత్రికి వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, రెండు బీరువాలు, అదీ ఆసుపత్రి. కొత్త ఉద్యోగం కావడంతో మా కాలేజీ పుస్తకాల్లో లేనిది లోకంలోనే లేదని నా గట్టి నమ్మకం.

ఒకరోజు పొద్దున కుళ్ళాయప్ప అనే గొర్రెల కాపరి తన కుక్కను భుజాన వేసుకొచ్చాడు. అడవిపంది కోరతో దాని పొట్ట చీల్చింది. అతని మందకు కాపలా ఆ కుక్కొక్కటే. కుట్లు వేయాలంటే మత్తివ్వాలి, మా దగ్గర క్లోరోఫాం అయిపోయింది. పేగులు బయటికి రాకుండా పొట్ట చుట్టూ కట్టు కట్టి, కరవకుండా మూతికి పట్టీ బిగించాను. తొందరగా కడపలోని పెద్ద పశువుల ఆసుపత్రికి చేరకపోతే కుక్క దక్కదు.

ఊళ్ళో కారున్నది సుబ్బారెడ్డి గారికి. సొంత బావమరిదిని కూడా కాళ్ళు దులుపుకోనిదే కారెక్కనివ్వరని ఆయనకు పేరు. సీటుకు మరక పడనివ్వనని నేను మాటిచ్చాక ఒప్పుకుని, తానే నడపడానికి కూర్చున్నారు. వెనక సీటంతా దర్జాగా రబ్బరు షీటు పరిచాను. ఆపరేషన్ బల్ల మీద వేసేది అదే, చుక్క నీరు కిందికి దిగదు. కుక్కతో కుళ్ళాయప్ప వెనక కూర్చున్నాడు, నేను ముందు కూర్చున్నాను.

రెండు మైళ్ళు పోయామో లేదో, ఎద్దులబండి అడ్డొచ్చి బ్రేకు పడింది. కుక్క నున్నటి రబ్బరు మీద జర్రున జారి సీట్ల మధ్య సందులో పడింది. పైకెక్కాలని అది గీరిన గీరుడుకు షీటు పక్కకు పోయింది, సీటు చిరిగింది, కట్టు వదులై నెత్తురు కారింది. రెడ్డిగారు కారాపి, వెనక్కి తిరిగి చిరిగిన సీటు చూశారు. ఆయన మమ్మల్ని అక్కడే దించేస్తే కుక్క పని అయిపోయినట్టేనని నాకు నిజంగా భయమేసింది.

"ఈ నున్నంది కాదు సామీ," అన్నాడు కుళ్ళాయప్ప. "దానికి కాలు నిలవాల. నిలిస్తే అదే పండుకుంటాది."

భుజం మీది గొంగడి తీసి, ఒక అంచు ముందు సీటు వీపుకు తాడేసి కట్టాడు. రెండో అంచు వెనక సీటు వీపు వెనక్కి దోపాడు. సందు మూసుకుపోయి ఉయ్యాల లాంటి పడక తయారైంది. ముతక ఉన్నిలో గోళ్ళు దిగేసరికి కుక్క ముడుచుకుని పడుకుంది. నేను కట్టు మళ్ళీ బిగించాను.

"సీటు కుట్టిచ్చుకుంటాలేప్పా," అన్నారు రెడ్డిగారు అతనితో. "కుక్కను బాగా పట్టుకో, పోదాం."

కడపలో మత్తిచ్చి కుట్లు వేశాం. కుక్క బతికింది. తర్వాత కుట్లు విప్పేటప్పుడు నన్ను కరవబోయింది కూడా. నాకు మహా సంతోషమైంది.

అప్పటినుంచి సర్వీసంతా, ఏ జీపులో కుక్కను తీసుకెళ్ళినా కింద రబ్బరు, పైన ముతక గొంగడి, సందు మూసి కట్టించేవాణ్ణి. ఆరోజు నేను సీటు ఒక్కటే కాపాడబోయి రెండింటికీ చేటు తెచ్చాను. కుక్కకు కాలు నిలిచే చోటిస్తే సీటు దానంతటదే దక్కుతుంది.