దేవదానం పెదనాయన సన్న చిత్రిక

ఆళ్లగడ్డ చర్చిలో పాత బల్లలు తీసేసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారని నాకు మొదట చెప్పింది ఆ ఊళ్లోనే ఉండే సలోమక్క, పోయిన ఆదివారం నంద్యాలలో మా ఇంటికి వచ్చినప్పుడు. ఆమె వెళ్లాక ట్రంకుపెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన పెదనాయన సన్న చిత్రికను, చెక్క నునుపు చేసే ఆ పనిముట్టును, ఒళ్లో పెట్టుకున్నాను. తుప్పు పట్టకుండా రాసిన ఆముదం వాసన ఇంకా పోలేదు.

చిన్నప్పుడు కాలు బాగలేక నేను బడికి పోలేదు. నాయన పొద్దున్నే పాఠం చెప్పి పనికి పోతే, వీధి పిల్లలు బడికి పోతే, మాట్లాడే మనిషి లేని నాకు వడ్రంగం చేసే పెదనాయన దేవదానం కొట్టమే లోకం: వేపచెక్క చేదు వాసన, పాదాల కింద మెత్తగా నలిగే చెక్క పొరలు, పండగ దగ్గరపడితే పక్కనే పెదనాయన ఇంట్లో నాయన వాళ్లమ్మ జేజి కాస్తున్న బెల్లం పాకం ఘుమఘుమ.

ఆ చిత్రిక కొన్ననాడు నన్నూ నంద్యాలకు తీసుకొచ్చాడు. ఒక చెక్క బెజ్జంలో దిగేలా ఇంకో చెక్క కొసను నాలుకలా చెక్కితే అది కుసి. కుసి మొదట్లో మూలను సరిచేయాలంటే మామూలు చిత్రిక పనికిరాదు, దాని కోసే ఇనుప పలక అంచుదాకా రాదు. దీని పలక రెండు పక్కలా నిండుగా ఉంటుంది. అంగట్లో పెదనాయన చిత్రికలను ఒక్కొక్కదాన్నే మూల సరిచూసే మూలమట్టానికి ఆనించి, సందులో వెలుతురు కనిపిస్తే పక్కన పెట్టేస్తుంటే అంగడాయన నవ్వాడు.

“ఏందప్పా, పెండ్లికూతుర్ని చూస్తాండావా?”

“పెండ్లికూతురు వంకరగా మాట్లాడినా సర్దుకోవచ్చు. ఇది వంకరుంటే కుసి కూచోదు.”

ఆ క్రిస్మస్‌కు చర్చి బల్లలు చేస్తూ, ఒక కుసి మొదలును నన్ను సరిచేయమన్నాడు. సంతోషం కొద్దీ ఒకే పక్కనుంచి అవతలి అంచు దాటేదాకా తోశాను. అంచు పెచ్చుగా లేచిపోయింది. ఇక కొట్టంలోకి రానివ్వడేమో, పొద్దంతా మళ్లీ ఆ ఉలుకూపలుకూ లేని ఇంట్లోనే కూచోవాలేమో అని భయమేసింది. ఆయన పెచ్చును బొటనవేలితో తడిమాడు.

“రెండు పక్కల నుంచీ నడిమికి రావల్ల పాపా. రేపు ఇంకోటి చేద్దువులే.”

‘రేపు’ అన్న ఆ ఒక్క మాటకు ఇప్పటికీ దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

పెచ్చు లేచింది బల్లకు వీపు ఆనించే ఆనుడుచెక్క కొసన. పెదనాయన బతికినన్నాళ్లూ ప్రతి ఆదివారం ఆ కొసనే కూచొని, సరిగ్గా అక్కడే తువ్వాలు వేసేవాడు. అది ఆయనకు అలవాటైన చోటనుకున్నానే గాని, నా తప్పును కప్పుతున్నాడని తెలియలేదు. ఆయన పోయిన తర్వాతి ఆదివారం, తువ్వాలు లేని ఆ కొసను చూశాకే తెలిసింది.

ఇప్పుడు కొట్టం లేదు. బల్ల లేదు, ఆ పెచ్చూ లేదు. ఎక్కడైనా పాత చెక్కబల్ల మీద కూచున్నప్పుడు, అతుకు మీద ఒకసారి వేలు పెట్టి చూసి, మా దేవదానం పెదనాయనను తలచుకోండి.