తీర్థమైపోయిన సీసా

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, పూజ మధ్యలో నోరు తెరిస్తే పాపం తగులుతుందన్న భయమే ఎక్కువ. కాలేజీలో చేరేదాకా బడి మొహం చూడకుండా అమ్మమ్మ దగ్గర ఇంట్లోనే చదువుకున్నదాన్ని. (దేవుడి దయవల్ల కెమిస్ట్రీ బాగానే అబ్బింది.) పెద్దవాళ్లకి అడ్డు చెప్పడం ఒక్కటే ఆవిడ నేర్పలేదు.

హైదరాబాద్‌లో కొత్తగూడ దాటాక ఒక అద్దాల భవనంలో మా ల్యాబు. ఎమ్మారై స్కానింగు బొమ్మ బాగా కనపడాలని సూదితో ఎక్కించే మందులో గాడోలినియం అనే లోహం ఉంటుంది. దాన్ని గర్భగుడిలో దేవుడనుకోండి. ఒక్కో నీటి అణువూ వచ్చి దర్శనం చేసుకుని వెళ్లాలి. ఒకటే అక్కడ పాతుకుపోతే వెనకవాళ్లకి దర్శనం లేదు, మరీ తోసేస్తే వచ్చినదానికీ పుణ్యం దక్కదు. ఆ క్యూ ఎంత వేగంగా కదులుతోందో కొలవడమే నా పని. అందుకు బరువైన ఆక్సిజన్‌తో చేసిన ప్రత్యేకమైన నీళ్లు కావాలి, కొలిచే యంత్రానికి స్పష్టంగా వినపడేవి. ఎన్నాళ్లో ఎదురుచూస్తే విదేశం నుంచి ఒక చిన్న సీసా వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం క్లయింటు ముందు కొలిచి చూపిస్తే నా ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే నల్లగండ్ల హాస్టలు ఖాళీ చేసి ఇంటిదారి.

మా బాసు సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన మనిషి. ప్రతిదానికీ తెరమీద ఆకుపచ్చ బాణం పైకి లేవాలి కాబట్టి మాకు ఆయన డ్యాష్‌బోర్డ్ సార్. "ఈ వారం నీళ్లు ఇంకాస్త ఫాస్టుగా కదలాలండి" అని లోహానికే టార్గెట్ పెట్టిన మహానుభావుడు. ఆ రోజు పొద్దున యంత్రానికి పూజ పెట్టించిందీ ఆయనే. పంతులుగారు తీర్థానికి శుద్ధమైన నీళ్లడిగారు. సార్ ఫ్రిజ్ తెరిచి, అన్నిటికన్నా శుద్ధంగా కనపడిన నా సీసా తీసి, పంచపాత్రలో వంచేశారు.

మంత్రాలు నడుస్తున్నాయి. నేను నోరు తెరవలేదు. మేమంతా శేరిలింగంపల్లి అక్క అని పిలిచే నా సీనియరు నా చెవి దగ్గరికొచ్చి, "ఏంది పిల్లా, గట్ల తెల్లబోయినవ్?" అంది. కళ్లతో ఖాళీ సీసా చూపించాను.

"ఇగ ఏం జేస్తం, నువ్వు గూడ తాగు. నీళ్లే గద, ఏం గాదు."

నా వంతు రాగానే చెయ్యి పట్టి, కళ్లకద్దుకుని తాగాను. నా ఉద్యోగం మామూలు నీళ్ల రుచితోనే గొంతు దిగింది.

"పరేషాన్ గాకు, కుళాయి పక్కనున్న శుద్ధి జేసిన నీళ్లతోనే మొదలువెట్టు" అంది అక్క. మామూలు నీళ్లలో ఆ బరువైన ఆక్సిజన్ రవ్వంతే ఉంటుంది, యంత్రం చాలాసేపు చెవి ఒగ్గి వినాలి. సాయంత్రమైనా తెరమీద గీత పూర్తికాలేదు. క్లయింటు మేడం గడియారం చూసుకుని, "ఇంత ఆలస్యం దేనికండీ?" అన్నారు. నిజం చెబుదామని లేచాను. (పూజ అయిపోయింది కదా.) అప్పటికే అక్క ద్వారా సంగతి తెలిసిన సార్ నాకన్నా ముందే లేచారు.

"మేం కృత్రిమమైన నీళ్లు వాడమండి. సహజమైనవే. అది మా కంపెనీ పద్ధతి."

అక్కకి దగ్గొచ్చింది. మేడం మెచ్చుకోలుగా తలూపి, రేపొస్తానన్నారు.

మర్నాటికి గీత పూర్తయింది. క్యూ నిదానంగా, సరిగ్గా కదులుతోంది. నాకు ఉద్యోగం, సార్‌కి వినూత్న ఆలోచన కింద బహుమతి. వేదికెక్కి ప్రకృతిని గౌరవించడం గురించి మాట్లాడారు (తీర్థం మొదట తాగిందీ ఆయనే, రెండోసారి అడిగిందీ ఆయనే). నాకూ చప్పట్లు కొట్టే భాగ్యం కలిగింది. దేవుడు మేలే చేశాడు, కొంచెం అడ్రసు తప్పి.

ఇప్పటికీ గుళ్లో తీర్థం చేతిలో పడగానే, నోరు విప్పని ఆ పిల్ల గుర్తొస్తుంది. పూజారి "జరగండమ్మా" అనేదాకా నవ్వుకుంటూ అక్కడే పాతుకుపోతాను, వెనకవాళ్లకి దర్శనం లేకుండా.