గడప దాటలేని రక్తపిశాచి

మా కాశీరావు కోరపళ్ళ గురించి ఎవరైనా తక్కువ చేసి చెబితే నమ్మకండి. వాడు ఆ పళ్ళతో సోడా మూత పీకితే, ఆ చప్పుడుకి కృష్ణ అవతల సీతానగరంలో కుక్కలు లేచి మొరిగేవి. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నేను మళ్ళీ ఇంటర్ పరీక్షకి కూర్చుంటాను. ఇంతకన్నా పెద్ద ఒట్టు నాకు తెలియదు.

కొల్లేటి చేపలవాళ్ళ ఇంట పుట్టి, బెజవాడ చేరి, మోపెడ్ వెనక ఐసు పెట్టె కట్టుకుని పటమట వీధుల్లో చేపలమ్మేవాడు. తాటిచెట్టంత మనిషి. లోపలికి పోయిన బుగ్గలు, కింది పెదవి మీదికి దిగిన రెండు పళ్ళు. పెళ్ళిచూపులకి వెళ్ళిన చోటల్లా పిల్ల నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తేది. "భయపడినా బాగుండు గదరా, నవ్వుతారేంటి?" అనేవాడు నాతో. వాడి దిగులంతా అదే.

తొంభై ఎనిమిది వేసవిలో వీడియో షాపు విఠల్‌కి పూనకం వచ్చింది. ఏదో దేశపు పాత మూగ సినిమా, రక్తం తాగే పిశాచి కథ, క్యాసెట్లో చూశాడు. దాన్ని మక్కీకి మక్కీ మళ్ళీ తీస్తానన్నాడు. కథ అదే, సీన్లు అవే, ఊరు మాత్రం ఇప్పటి బెజవాడ. లోకల్ కేబుల్లో వేస్తాడట. పిశాచి కోసం ఊరంతా వెతకబోతుంటే నేనే ఆపి, కాశీరావుని తీసుకెళ్ళి నిలబెట్టాను. విఠల్ కుర్చీలోంచి లేచిపోయాడు. "మేకప్ ఖర్చు మిగిలిందిరా!" అన్నాడు.

ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే గంగాధర్, మిగిలిన నల్ల రెక్సిన్‌తో కాళ్ళదాకా వేలాడే అంగీ కుట్టాడు. మే నెలలో బెజవాడలో రెక్సిన్ కప్పుకున్నవాడు రక్తం అడగడు, మజ్జిగ అడుగుతాడు. పైగా రాత్రి సీన్లన్నీ పట్టపగలే.

"ఆ పాత సినిమాలోనూ రాత్రి సీన్లు పగలే తీశారు. మనం తేడా చెయ్యకూడదు," అని విఠల్, పగలే రాత్రిలా కనబడాలని కెమెరా కంటికి నీలం కాగితం అంటించాడు.

కథకి ప్రాణమైన సీను ఒకటుంది. ఇంటివాళ్ళు నోరారా పిలిస్తే తప్ప పిశాచి గడప దాటకూడదు. దాన్ని పటమటలో కనకవల్లి టీచర్‌గారింట్లో పెట్టారు. విఠల్‌కి చిన్నప్పుడు పాఠాలు చెప్పినావిడ. పిశాచి చూపుకి వశమై లోపలికి పిలిచే వేషం కూడా ఆవిడదే. కెమెరా ఏమో పెళ్ళి వీడియోల వెంకటకృష్ణారావుది. సాయంత్రం మైలవరంలో పెళ్ళి ఉంది, కెమెరా తీసుకుని అతను వెళ్ళిపోవాలి.

"చూడు కాశీ, ఈ షాట్ ఇవాళ పడకపోతే వేషం మా బావమరిదికి ఇచ్చేస్తా," అన్నాడు విఠల్. ఆ బావమరిది సూర్యప్రకాష్ పక్కనే ఉన్నాడు, ప్లాస్టిక్ పళ్ళు జేబులో పెట్టుకుని.

కాశీరావు మొహం మాడిపోయింది. "అంత మాటనకండి విఠల్‌గారూ. మా ఊరోళ్ళందరికీ చెప్పేశాను. ఈసారన్నా నా మొహం చూసి ఒక్కళ్ళు జడుసుకోవాలండీ."

"యాక్షన్!"

టీచర్‌గారు కళ్ళు తేలేసి, "రండి... లోపలికి రండి..." అన్నారు. కాశీరావు గోళ్ళు చాపాడు, గుర్రుమన్నాడు, ముందుకు వచ్చాడు. వచ్చి, వంగి, బూట్లు విప్పి గోడ పక్కన జతగా పెట్టాడు.

"కట్! రక్తం తాగడానికొచ్చినవాడు బూట్లు విప్పుతాడట్రా?"

"టీచరమ్మగారి ఇల్లండీ!"

రెండోసారి బూట్లు విప్పలేదు. ఈసారి టీచర్‌గారే, "రండి... లోపలికి రండి... బకెట్ అక్కడే ఉంది, కాళ్ళు కడుక్కోండి," అన్నారు.

విఠల్ నెత్తి పట్టుకున్నాడు. "టీచర్‌గారూ! మీరు పిశాచి వశమైపోయారండీ!"

"అయితే మాత్రం? పొద్దున్నే తడిగుడ్డ పెట్టిన ఇల్లురా!"

మూడోసారి అంతా కుదిరింది. తీరా గడప దగ్గరికొచ్చి కాశీరావు ఆగిపోయాడు. కాలు లేవలేదు. విఠల్ సైగ చేశాడు, కసిరాడు. అయినా లేవలేదు.

"ఏమైందయ్యా?"

"వెళ్ళట్లేదండీ కాలు," అన్నాడు కాశీరావు చిన్నగా. "ఈ వీధిలో ఎవరింట్లోకీ ఎప్పుడూ వెళ్ళలేదండీ. చేపల నీళ్ళు కారతాయని మెట్టు కిందే నిలబడతాను. అలవాటైపోయింది."

ఏనుగుని నెట్టినవాణ్ణి, వెనక నుంచి ఒక్క తోపు తోద్దామని నేను చొక్కా చేతులు మడిచాను. అప్పటికే వెంకటకృష్ణారావు వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. సూర్యప్రకాష్ పళ్ళు తగిలించుకుంటున్నాడు.

టీచర్‌గారు కొంగు బిగించారు. "కృష్ణారావూ, ఆ వైర్లు వదులు. కెమెరా తిప్పు." తర్వాత గుమ్మంలోకి వచ్చారు. అంతదాకా 'చేపలబ్బాయ్' అని తప్ప పిలవని మనిషి, "కాశీరావుగారూ," అన్నారు. "ఇల్లు నాది, పిలిచేది నేను. నీళ్ళు కారితే తుడుచుకునేదీ నేనే. రండి లోపలికి!"

సీన్లో లేని మాటలు. అయినా విఠల్ ఆపలేదు.

కాశీరావు మెల్లగా తలెత్తాడు. పెదవి పైకి లేచింది, రెండు పళ్ళూ బయటపడ్డాయి. మట్టి బూటు గడప దాటింది. రెండో బూటూ దాటింది. గిర్రున తిరుగుతున్న ఫ్యాను ఠక్కున ఆగింది. కరెంటు పోయిందన్నారు తర్వాత, కెమెరా బ్యాటరీ మీద తిరిగిందట. నేను నమ్మను. వాడు వంగి, రెక్సిన్ రెక్కలు చాపి, టీచర్‌గారి మీదికి నీడలా వచ్చాడు.

"అమ్మో!"

స్కూలు ఇన్‌స్పెక్టర్లకే జంకని టీచర్‌గారు కేక పెట్టి, వెనక్కి తూలి సోఫాలో పడ్డారు. సూర్యప్రకాష్ నోట్లోంచి ప్లాస్టిక్ పళ్ళు జారి కిందపడ్డాయి. ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు.

"కట్! పడిందిరా షాట్!" విఠల్ గంతులేశాడు.

కాశీరావు ఆ గంతులు చూడనే లేదు. సోఫా దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నిజంగా జడుసుకున్నారా అండీ, సినిమా కోసం అరిచారా?"

"సినిమా ఏంటయ్యా, నా గుండె చూడు ఎలా కొట్టుకుంటోందో! నీళ్ళివ్వండి ఎవరైనా!"

పరుగెత్తి నీళ్ళు తెచ్చింది కాశీరావే, వంటింట్లోంచి.

కాసేపటికి కెమెరా మైలవరం బయల్దేరింది. విఠల్ వీధిలోంచి కేకేశాడు. "కాశీ, రావయ్యా, సామాను ఎక్కించాలి!"

కాశీరావు రెక్సిన్ అంగీతోనే సోఫాలో కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతున్నాడు. కదల్లేదు.

"ఉండండి విఠల్‌గారూ. పిలిస్తే వచ్చాను. ఇంకా పొమ్మనలేదు."

"పొమ్మనను కూడా," అన్నారు వంటింట్లోంచి టీచర్‌గారు. "ఇంకో గ్లాసు కలుపుతున్నాను, కూర్చోండి."