సెమీఫైనల్స్‌కు ముందు రోజు

పదిహేనేళ్లకు పైగా నేను ఒక తెలుగు దినపత్రిక స్పోర్ట్స్ డెస్కులో పనిచేస్తున్నాను. క్రికెట్ రాసేవాళ్లకు మా దగ్గర కొదవ లేదు. టెన్నిస్ మాత్రం ఎవరూ ముట్టుకోకపోవడంతో మొదటినుంచీ నా చేతికే వచ్చింది. ఏటా లండన్‌లో గడ్డి కోర్టుల మీద జరిగే పెద్ద టోర్నమెంటు ఆఖరి రౌండ్లకు చేరగానే, సెమీఫైనల్స్‌కు ముందు రోజు మేమొక వ్యాసం సిద్ధం చేస్తాం. మిగిలిన నలుగురూ ఇక్కడిదాకా ఎలా వచ్చారు, ఎవరు గెలవవచ్చు, ఎవరికి ఎక్కడ కష్టం రావచ్చు అని. అది రాయడమంటే నాకు చాలా ఇష్టం. ఆఫీసుకు వెళ్లే దారిలో, చార్మినార్ దగ్గర ఆటో కదలకుండా నిలిచిపోయినప్పుడు, మొదటి వాక్యం మనసులోనే రాసుకునేదాన్ని.

మొన్నటి ఏడాది ఎండాకాలం చివర, మాదన్నపేటలోని మా ఇంట్లో పొద్దున్నే పోపు పెడుతుండగా నా కుడిచేతిలోంచి గరిట జారిపోయింది. వంగి తీసుకుందామంటే చెయ్యి కదలలేదు. మా ఆయనను పిలవబోయాను. నోట్లోంచి మాటకు బదులు ఏదో మూలుగు వచ్చింది.

ఆయన బస్సు డిపోలో మెకానిక్. ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. నా మూతి ఒక పక్కకు జారడం చూసి, పొయ్యి ఆర్పి, పక్కింటి గోడ మీదుగా "ఖాలా!" అని కేకేశాడు. ఖాలా అంటే మా పక్కింటి పెద్దావిడ. గల్లీ అంతా ఆమెను అలాగే పిలుస్తుంది. ఆమె కొడుకు లాడ్ బజార్‌లో గాజుల దుకాణానికి బయలుదేరి అప్పుడే ఆటో ఎక్కాడట. అతను దిగిపోయాడు. నన్ను ఆ ఆటోలో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారు. పక్షవాతమని, వెంటనే తేవడం మంచిదైందని డాక్టరు చెప్పాడు. మా ఆయనది ఆ రోజు పొద్దుటి డ్యూటీ అయ్యుంటే ఏమయ్యేదో నేనెప్పుడూ పూర్తిగా ఆలోచించలేదు. అంతవరకు వెళ్లి ఆగిపోతాను.

ప్రాణం దక్కింది. కాలూ చెయ్యీ కొద్దికొద్దిగా కదిలాయి. మాట మాత్రం రాలేదు. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమయ్యేది. నేను చెప్పాలనుకున్నదీ నాకు తెలిసేది. తీరా నోరు తెరిస్తే ఇంకేదో వచ్చేది. మాట నేర్పడానికి ఒక అమ్మాయి ఇంటికి వచ్చేది. బొమ్మలున్న అట్టముక్కలు చూపించి పేర్లు చెప్పమనేది. గొడుగు బొమ్మ చూపిస్తే, వానలో తెరుస్తామనీ, మా ఇంట్లోది నల్లదనీ, దాని పిడి విరిగిందనీ అన్నీ గుర్తుండేవి. నోరు మాత్రం "చెంచా" అనేది. రాతతో బతికిన మనిషిని, గొడుగును గొడుగు అనలేకపోతున్నాను. ఆ అమ్మాయి వెళ్లాక గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

ఇంతలో లండన్‌లో ఆటలు మొదలయ్యాయి. నాకు పొద్దుపోతుందని మా ఆయన టీవీ పెట్టి, పక్కన కూర్చుని బెండకాయలు తరుగుతున్నాడు. తెర మీద ఒకామె రాకెట్‌ను ఒంటికి అడ్డంగా తెచ్చి, బంతిని కోసినట్టుగా తక్కువ ఎత్తులో అవతలికి పంపింది.

"బ్యాక్‌హ్యాండ్," అన్నాను.

ఆయన కత్తి ఆపాడు. "ఏమన్నవ్?"

"బ్యాక్‌హ్యాండ్."

చేతిలో బెండకాయతోనే బయటికి ఉరికాడు. లోపలికి మాటలు వినబడుతున్నాయి.

"ఖాలా, మాట్లాడింది!"

"యా అల్లా! క్యా బోలీ?"

"బ్యాకండ్ అన్నది."

"వో క్యా హోతా?"

"నాకేం తెలుసు ఖాలా! అన్నదైతే అన్నది!"

మరుసటిసారి ఆ అమ్మాయి వచ్చినప్పుడు ఈ సంగతి విని అట్టముక్కలు సంచిలో పెట్టేసింది. "గొడుగు సంగతి తర్వాత చూద్దాం. మేడం, మీరు రోజూ సార్‌కు టెన్నిస్ చెప్పండి," అంది.

"నాకు క్రికెట్ తప్ప ఇంకోటి తెల్వదమ్మా," అన్నాడు మా ఆయన.

"ఇంకా మంచిది. తెలిసినవాళ్లయితే ఆమె సగం అనగానే మిగతాది అందిస్తారు. మీరు తెలియనట్టే అడగండి."

"తెల్వనట్టేంది, నిజంగనే తెల్వదు."

ఆ రోజునుంచీ అడగడం మొదలుపెట్టాడు. స్కోరులో పదిహేను తర్వాత ముప్ఫై వచ్చింది కదా, ముప్ఫై తర్వాత నలభై ఎట్లయితది అని ఒక సాయంత్రమంతా పట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వడానికి మాటలు అక్కర్లేదని అప్పుడే గమనించాను.

మహిళల క్వార్టర్‌ఫైనల్స్ ముగిసిన మర్నాడు పొద్దున మా డెస్క్ ఇన్‌చార్జి సార్ బత్తాయిలు పట్టుకుని చూడటానికి వచ్చారు. కాసేపు కూర్చుని, "సెమీఫైనల్స్ వ్యాసం రేపటి పేపర్లో పడాలమ్మా. ఎప్పట్లాగా నువ్వే ఇవ్వాలి," అన్నారు.

తల అడ్డంగా ఊపాను. నా మీద జాలితో అంటున్నారనిపించి ఏడుపు కూడా వచ్చింది.

ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు. "జాలి అనుకోకు. నువ్వు లేవని టెన్నిస్ వేరే అబ్బాయికిస్తే, సర్వీసుకు బౌలింగ్ అని రాశాడు. నేను చూసుకోలేదు, అచ్చైపోయింది. నా తిప్పలు నీకేం తెలుసు!"

మా ఆయన మధ్యలో కల్పించుకున్నాడు. "ఆమె చెప్తది సార్, నేను రాస్త. సాయంత్రం వరకు పంపిస్తం."

నన్ను అడగలేదు. సార్ వెళ్లగానే డిపోకు ఫోన్ చేసి సెలవు చెప్పి, కాగితాలు తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాడు. "చెప్పు," అన్నాడు.

చెప్పాల్సిందంతా నా తలలో ఉంది. ఆఖరి రౌండ్లు వచ్చేసరికి కోర్టులో వెనక గీత దగ్గర గడ్డి అరిగిపోయి మట్టి తేలుతుంది. మొదటి వారంలో జారినట్టు వెళ్లే బంతి ఇప్పుడు కాస్త పైకి లేస్తుంది. అది ఎవరికి కలిసొస్తుందో చెప్పాలి. గడ్డి, పచ్చిక, ఏ మాటా రాలేదు. వచ్చింది చిన్నప్పుడు గల్లీలో నేర్చుకున్న మాట.

"ఘాస్... ఘాస్ గయా."

"గడ్డి పోయిందా? ఏడికి పోయింది?"

ఎడమచేత్తో దుప్పటి అంచు మీద గీత గీసి చూపించాను.

"గీత కాడ గడ్డి పోయింది. గంతేనా?" అని రాసుకున్నాడు. తెలుగు అమ్మభాష, నా బతుకుతెరువు కూడా. అది దాక్కుని, బజారులో పలికే ఉర్దూ ముందు వచ్చింది. ఏది వస్తే అది చెప్పమని మాట నేర్పే అమ్మాయి అప్పటికే చెప్పి ఉంది కాబట్టి సిగ్గుపడలేదు.

తర్వాత ఎడమచేతి వాటం అమ్మాయి దగ్గరికి వచ్చాం. నలుగురిలో ఆమే చిన్నది. బాగా ఆడుతుంది కానీ, మొదటి సర్వీసు తప్పితే రెండోది వేసేటప్పుడు భయపడుతుంది. "ఎడమ... పిల్ల... మంచిది. రెండు... పాడు," అన్నాను.

ఆయన రాసి చదివి వినిపించాడు. "ఎడమచేతి అమ్మాయి బాగానే ఆడుతుంది కానీ, ఆమె రెండు కాళ్లు పాడయ్యాయి."

"కాదు!"

"చేతులా?"

"కాదు!" దిండు తీసి విసిరేశాను. ఏడ్చేశాను. ఆయన లేచి బయటికి వెళ్లాడు. ఈయనకూ ఓపిక అయిపోయిందనుకున్నాను.

వంటింట్లోంచి అట్లకాడ, నిమ్మకాయ పట్టుకుని తిరిగొచ్చాడు. "నోటితోని రాకుంటే చేతితోని చూపియ్యి. ఫికర్ చెయ్యకు, నిమ్మకాయలు ఇంక ఉన్నయి."

ఎడమచేత్తో నిమ్మకాయ ఎగరేశాను. ఆయన అట్లకాడతో కొట్టాడు. అది బీరువాకు తగిలి కింద పడింది. తప్పు అన్నట్టు వేలు ఊపాను. దాన్ని తెచ్చిచ్చాడు. రెండోసారి ఎగరేస్తూ చెయ్యి వణికినట్టు చూపించాను. అంతలో మాట దానంతటదే వచ్చేసింది.

"రెండో సర్వీసు!"

"ఓహో, రెండో సర్వీసు పాడు!" కాళ్లు చాపుకుని కింద కూర్చుండిపోయాడు. "ముందుగాల గదే అనొచ్చు గదనే!" ఇద్దరం చాలాసేపు నవ్వాం. ఆ తర్వాత పని కొంచెం తేలికైంది.

మధ్యాహ్నం ఖాలా మాకు ఖిచ్డీ, పుల్లటి ఖట్టా తెచ్చింది. కాగితాలు చూసి, ఇంతకీ ఎవరు గెలుస్తారని అడిగింది.

నా లెక్క ప్రకారం నలుగురిలో పెద్దామె గెలవాలి. బిడ్డను కని, మోకాలికి కట్టు కట్టుకుని మళ్లీ ఆటలోకి వచ్చిన మనిషి. "మా... మా జీతేగీ," అన్నాను, అమ్మ గెలుస్తుందని.

"అల్లా కరే, మా హీ జీతే," అని ఖాలా రెండు చేతులూ పైకెత్తింది.

"ఎందుకు గెలుస్తది?" మా ఆయన కలం పట్టుకునే అడిగాడు.

కళ్లు మూసుకున్నాను. ఎవరూ మాట అందించలేదు.

"ఆమెకు... తొందర లేదు," అన్నాను.

జబ్బు పడ్డాక తెలుగులో నేను చెప్పిన మొదటి పూర్తి వాక్యం అది. ఆయన దాన్ని కాగితం పైన, అన్నిటికంటే ముందు రాశాడు. వ్యాసం ఆ వాక్యంతోనే మొదలైంది.

రాతను ఫోన్‌తో ఫోటో తీసి పంపించాం. మర్నాడు పేపర్లో నా పేరుతో వచ్చింది. చోటు చాలక ఎప్పట్లాగే చివరి పేరా కోసేశారు. నేను జబ్బుపడ్డ సంగతి ఎక్కడా లేదు. ఖాలాకు తెలుగు చదవడం రాదు కాబట్టి నేనే పైకి చదివి వినిపించాను. ఎదురుగా అచ్చులో ఉంటే మాట కాస్త తేలిగ్గా వచ్చింది, అయినా చాలాచోట్ల ఆగిపోయాను. అప్పుడు మా ఆయన పెదవులు కదిలాయి కానీ గొంతు పైకి రానివ్వలేదు.

ఆ సాయంత్రం పెద్దామె ఒక్క సెట్టు కూడా గెలవకుండా ఓడిపోయింది. ఓడించింది ఎడమచేతి అమ్మాయే. ఆమె రెండో సర్వీసు ఒక్కసారి కూడా తడబడలేదు. మా ఆయన నావైపు భయంభయంగా చూసి, నేను నవ్వడం చూశాక, "మస్తు ఆడింది గద ఆ పిల్ల! నువ్వేమో పాడంటివి," అన్నాడు.

మర్నాడు సార్ ఫోన్ చేశారు. "ఎవరో పాఠకుడు ఆఫీసుకు ఫోన్ చేసి గంటసేపు లొల్లి పెట్టాడమ్మా. మీ టెన్నిస్ రాసే ఆమెకు ఏం తెల్వదు, ఎప్పుడూ పెద్దవాళ్లనే మోస్తది, ఈసారీ గట్లనే రాసింది అని!" చెప్పి ఉండాల్సింది కాదేమో అన్నట్టు ఆయన గొంతు తగ్గింది.

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ మనిషికి నా గురించి ఏమీ తెలియదు. మంచం మీద ఉన్నానని తెలియదు, అట్లకాడ సంగతి తెలియదు. నిన్నమొన్నటిలాగే, పనిలో ఉన్న మనిషిని తిట్టినట్టు తిట్టాడు. "ఆయనకు... థాంక్స్... చెప్పండి," అన్నాను.

దసరా తర్వాత సగం పూటకు ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాను. ఇప్పుడు పూర్తి డ్యూటీ చేస్తున్నాను. ఎడమచేత్తో టైపు చేస్తాను. అలసిపోతే మాటలు తిరగబడతాయి. ఉర్దూ మాట వస్తే పక్క సీటువాళ్లు దానికి తెలుగు చెబుతారు. కృతజ్ఞత అనే మాట నాకు ఇప్పటికీ సరిగ్గా పలకదు, మధ్యలో నాలుక మడత పడుతుంది. అందుకని నాకు మాట నేర్పిన అమ్మాయికీ, ఆటో దిగిపోయిన ఖాలా కొడుక్కీ, సార్‌కూ షుక్రియా అనే చెప్పాను. మా ఆయనకు ఏ మాటా చెప్పలేదు. చెబితే ఏందే గిది అని కసురుకుంటాడు.

ఆయనకు టెన్నిస్ పిచ్చి పట్టుకుంది. ఈసారి సెమీఫైనల్స్‌కు ముందు రోజు, నన్ను అడగకుండానే ఎవరు గెలుస్తారో పక్కింట్లో చెప్పి వచ్చాడు. రెండు సెమీస్‌లోనూ ఆయన చెప్పినవాళ్లు ఓడిపోయారు.