సైలెన్సర్ లేని ఆదివారం

ఆ రోజుల్లో మాట్లాడకపోవడం కూడా ఒక పనే. మా వాళ్లు దాన్ని ఉద్యోగమంత శ్రద్ధగా చేసేవారు. ఇప్పుడంటే ఫోన్లో బ్లాక్ చేసి హాయిగా నిద్రపోతున్నారు. అప్పుడలా కుదరదు, ఎదురుగా కూర్చుని, ఒకే గిన్నెలోంచి కూర వడ్డించుకుంటూ, అవతల మనిషి లేనట్టే ప్రవర్తించాలి. మా నాన్న మా అక్క భర్తతో, అంటే మా బావతో, మూడేళ్లు అలా ప్రవర్తించాడు. కిందటి నెల బావ పోయాడు. చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో మాట్లాడినవాళ్లంతా ఆయన మృదుభాషి అన్నారు, ఆయన గొంతు పెంచగా ఎన్నడూ వినలేదన్నారు. నేను విన్నాను. వేమూరు నుంచి రేపల్లె దాకా విన్నాను. అక్కడ లేచి చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

గొడవ ఒక అక్షరం గురించి. నాన్న తెనాలిలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు. అక్క పెళ్లి కార్డు ఇంగ్లీషులో తనే రాశాడు. బావ రేపల్లెలో ఒక ఆఫీసులో టైపిస్టు. పెళ్లికి వారం ముందు, పదిమంది చుట్టాలున్న గదిలో, అచ్చయి వచ్చిన కార్డు చూసి మెల్లగా అన్నాడు: "మామయ్యా, సోలెమ్నైజ్‌ చివర్లో ఎస్ కాదేమోనండి, జెడ్ కదా." (మెల్లగా అనడమే ఆయన చేసిన పొరపాటు. గట్టిగా అని ఉంటే ఆ గోలలో అదీ కలిసిపోయేది.) పదిమందీ నాన్న వైపు తిరిగారు. పెళ్లి జరిగింది, నాన్న దీవించాడు, ఫోటోల్లో నవ్వాడు కూడా. ఆ మీదట అల్లుడితో మాట్లాడటం మానేశాడు. రేపల్లెలో వాళ్లింటి గడప తొక్కలేదు. కార్డు గొడవ జరిగిన మర్నాడే నేను డిక్షనరీ తీసి చూశాను. ఎస్‌తో రాసినా తప్పు లేదు, జెడ్‌తో రాసినా తప్పు లేదు. ఆ విషయం ఎవరికీ చెప్పలేదు. ఇద్దరిదీ ఒప్పే అని చెబితే ఇద్దరికీ కోపం వస్తుందన్నది నాకు నేను చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరే. ఇద్దరి మధ్యా కబుర్లు మోసే ఉద్యోగం నాకు దొరికింది, అది నాకు నచ్చింది. "ఆయన్ని కాఫీ తాగమను" అని నాన్న నాతో అనేవాడు, ఆయన రెండు గజాల దూరంలో నిలబడి ఉండగానే. "తాగొచ్చానని చెప్పు" అని బావ నాతో అనేవాడు. ఇద్దరూ నన్ను బాగా చూసుకునేవారు. మధ్యలో అక్క మొహం ఎలా ఉండేదో నేను పెద్దగా గమనించలేదు.

మూడో ఏట వాళ్లకి కొడుకు పుట్టాడు. రేపల్లె చర్చిలో బాప్తిస్మం పెట్టుకున్నారు. అక్క ఫోన్ చేసి ఏడిచింది. "నాన్న రాకపోతే ఇంక నేనూ తెనాలి రాను. ఆయనకి చెప్పు" అంది. చెప్పాను. నాన్న చాలాసేపు ఆలోచించి తీర్పిచ్చాడు: "చర్చికి వస్తాను. ఇంటికి రాను." చర్చి దేవుడిది, ఇల్లు టైపిస్టుది అని వివరణ. అమ్మ రెండు రోజుల ముందే మనవడి దగ్గరికి వెళ్లిపోయింది. నాన్నకి మోకాళ్లు పట్టేసి బస్సెక్కలేడు కాబట్టి బావ కారు తెస్తానన్నాడు.

కారు గురించి చెప్పాలి. బాపట్లలో ఒక డాక్టరు గారు వాడి వదిలేసిన తెల్ల డీజిల్ కారు. "డాక్టర్ల బండి బావా, జాగ్రత్తగా చూసుకుని ఉంటారు" అని కొనిపించింది నేనే. (డాక్టర్లు తమ ఒంటినే జాగ్రత్తగా చూసుకోరని అప్పటికి నాకు తెలియదు.) నేనప్పుడు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని, వయసు ఇరవై ఆరు, అంటే నాకు తెలియని విషయం లేదు. బండి కాస్త పొగ వదులుతుంటే, "ముప్పై దాటించకు, ఇంజన్ని కష్టపెట్టకు, పొగ తగ్గుతుంది" అని సలహా ఇచ్చాను. బావ లెక్చరర్ మాట మీద గౌరవంతో, ఇంటి నుంచి కిలోమీటరు దూరంలో ఉన్న ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి, ఏడాది పాటు దాన్ని ఎడ్లబండిలా నడిపాడు. చివరికి అది తనంతట తానే ముప్పై దాటడం మానేసింది. నా శాస్త్రం నెగ్గింది.

బాప్తిస్మానికి ముందు రోజు, శనివారం, రేపల్లె నుంచి తెనాలికి రావడానికి బావకి రెండున్నర గంటలు పట్టింది. భట్టిప్రోలు దగ్గర ఒక సైకిలు తనని దాటి, దాటినందుకు మొహమాటపడి వెనక్కి చూసిందని చెప్పాడు. ఇద్దరం నాకు తెలిసిన షెడ్డుకి తీసుకెళ్లాం. అక్కడి మెకానిక్‌ని అందరూ డాక్టర్ భాయ్ అనేవారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్‌కి, ఇంకో కొస చెవికి ఆనించి జబ్బు చెప్పేవాడు. ఆ రోజు చెవి కూడా పెట్టలేదు. బండి కిందకి దూరి చెయ్యి చాచి వెంటనే తీసేసుకున్నాడు.

"కాలిపోతోంది సార్. ఊపిరి పీల్చుకుంటోంది గానీ వదలలేకపోతోంది. పొగని శుభ్రం చేసే కన్వర్టర్ డబ్బా మూసుకుపోయింది."

"కెటలిటిక్ కన్వర్టరా? అది పాడవదు భాయ్" అన్నాను. ఆగి ఉండవలసింది. ఆగలేదు. "ఉత్ప్రేరకం చర్యలో పాల్గొంటుంది, కానీ తాను ఏ మార్పూ చెందదు. డెఫినిషనే అది."

ఆయన కింద నుంచి తల బయటికి పెట్టి నన్ను చూశాడు. "మారిందని నేనన్నానా సార్? మసి పట్టిందన్నా. మీ కాలేజీ పుస్తకంలో ఉన్నది మసి పట్టి ఉండదు, ఎవరూ దాన్ని నడపరు కాబట్టి." తర్వాత బావ వైపు తిరిగి, "మెల్లగా నడిపారాండి బండిని?" అన్నాడు.

"మెల్లగానేనండి. ముప్పై దాటలేదు" అన్నాడు బావ, మెప్పు ఆశించే గొంతుతో.

"అదే చంపేసింది. అప్పుడప్పుడు పరుగెత్తిస్తేనే ఆ మసి కాలిపోయేది. ఎవరు చెప్పారండి అలా నడపమని?"

బావ నా వైపు చూడలేదు. "ఎవరో చెప్పార్లెండి" అన్నాడు. ఆ మనిషి మర్యాద అలాంటిది.

కొత్త కన్వర్టర్ వెల వినగానే మేమిద్దరం ఒకేసారి వేరే మార్గం ఉందా అని అడిగాం. ఉంది. డాక్టర్ భాయ్ ఆ డబ్బాని విప్పి, లోపల తేనెపట్టులా ఉన్న భాగాన్ని ఇనప కడ్డీతో పొడిచి పొడిచి రాల్చేశాడు. నల్లటి ముక్కలు రాలాయి. ఖాళీ డబ్బాని మళ్లీ బిగించాడు, పైకి చూస్తే ఉన్నట్టే. అది చట్టానికి విరుద్ధమని నాకు తెలుసు. (కాలుష్యం సర్టిఫికెట్ మాత్రం మా దగ్గర ఉంది. పెట్రోలు బంకు పక్కన వ్యాన్‌లో కూర్చున్నతను నంబరు ప్లేటుకి ఫోటో తీసి, పొగ పరిమితిలోనే ఉందని ధ్రువీకరించాడు.) అంతటితో అయిపోతే ఈ కథ లేదు. బిగించేటప్పుడు తుప్పు పట్టిన సైలెన్సర్ ఊడి భాయ్ చేతిలోకి వచ్చింది. కొత్తది విజయవాడ నుంచి మంగళవారం గానీ రాదు. అప్పటిదాకా దాని స్థానంలో ఒక తిన్నని పైపు వెల్డింగ్ చేశాడు. "శబ్దం తప్ప ఏ లోటూ ఉండదు సార్" అన్నాడు. స్టార్ట్ చేశాం. ఎదురు కొట్లో టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"మామయ్య ఎక్కుతారంటావా?" అన్నాడు బావ. ఆ రాత్రి నా గదిలో పడుకున్న ఆయన సరిగా నిద్రపోలేదు, నాకు తెలుసు.

ఆదివారం ఉదయం నాన్న ఇస్త్రీ బట్టల్లో, బైబిలు పట్టుకుని వచ్చి, ముందు సీట్లో కూర్చున్నాడు. మోకాళ్లు చాచుకునే చోటు అదొక్కటే. నేను వెనక. కారు కదిలింది. వీధి చివర దాకా ఇళ్లలోంచి జనం బయటికి వచ్చి చూశారు. నాన్న వెనక్కి తిరిగి నాతో ఏదో అన్నాడు. పెదాలు కదలడం కనిపించింది.

"ఏంటి నాన్నా?"

మళ్లీ ఏదో అన్నాడు. "కారు ఆపమను" అయి ఉండొచ్చు, "కారు బాగుంది" అయి ఉండొచ్చు. నేను ముందుకి వంగి బావకి చెప్పబోతే బావకి నేను వినపడలేదు. మూడేళ్ల నా ఉద్యోగం ఒక ఇనప పైపు వల్ల పోయింది. వేమూరు దాకా ముగ్గురం ఎవరి గోలలో వాళ్లం కూర్చున్నాం. వేమూరు దాటాక కాలవ గట్టు మీంచి ఒక గేదె తీరిగ్గా రోడ్డెక్కింది. బావ అద్దంలో నా వైపు చూస్తున్నాడు, నేనేం చెప్పబోతున్నానో అని.

"బ్రేకు!" అని అరిచాడు నాన్న. నాతో కాదు.

"తొక్కానండీ!" అని అరిచాడు బావ.

గేదె మా వైపు ఒకసారి చూసి వెళ్లింది. కారు మళ్లీ గర్జించింది. అరవడం మొదలెట్టాక ఆపడం కష్టమేమో.

"ఇదేం కారయ్యా!"

"సైలెన్సర్ ఊడిందండీ మామయ్యా! మంగళవారం వస్తుంది!"

"మంగళవారం పెట్టుకోవాల్సింది బాప్తిస్మం!"

"ఏంటండీ?"

"ఏం లేదు!" తర్వాత నాన్న రోడ్డు వైపే చూస్తూ, పాఠం చెప్పే గొంతుతో, "ఆ రోజు జెడ్ అన్నావు కదా!"

బావ స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకున్నాడు. "అన్నానండీ!"

"రెండూ కరెక్టే! డిక్షనరీలో ఉంది!"

"తెలుసండీ! మర్నాడే చూశాను!"

"నేనూ మర్నాడే చూశాను!"

నేను వెనక సీట్లో బయటికి, వరిచేల వైపు చూస్తూ కూర్చున్నాను. ఒకే రోజు మూడు చోట్ల ముగ్గురు ఒకే పేజీ తెరిచి, ముగ్గురూ మూసేశారు. చూశానని నేనూ అరవొచ్చు. ఇంజన్ శబ్దం చాలా ఎక్కువగా ఉందని అరవలేదు.

చర్చికి చేరేసరికి మా ముగ్గురి చెవుల్లోనూ ఇంకా కారు నడుస్తూనే ఉంది. పాస్టరు అయ్యగారు పిల్లవాడికి బాప్తిస్మం ఇచ్చారు. అక్క మాత్రం కొడుకుని కాకుండా నాన్న మొహాన్నే చూస్తోంది. తలలు వంచి ప్రార్థన చేద్దామన్నారు. చర్చంతా నిశ్శబ్దం. నాన్న బావ వైపు వంగి, తన లెక్కలో గుసగుసగా, చర్చి ఆఖరి వరసకి కూడా వినపడేట్టు అన్నాడు: "నువ్వు నన్ను ఇంకా ఇంటికి పిలవలేదు!"

"రండి మామయ్యా! భోజనానికి రండి!" అని బావ అదే గొంతుతో బదులిచ్చాడు.

అయ్యగారు ఒక క్షణం ఆగి "ఆమేన్" అన్నారు. ప్రార్థన ఇంకా సగమే అయింది. అక్క కొంగుతో మొహం కప్పుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టం, నేనడగలేదు.

మంగళవారం సైలెన్సర్ వచ్చింది. ఆ తర్వాత నాన్న ఎన్నోసార్లు ఆ కారులో, ముందు సీట్లోనే వెళ్లాడు. నేను వెనక కూర్చునేవాణ్ని. వాళ్లిద్దరూ తక్కువ గొంతుతో ఏవేవో మాట్లాడుకునేవాళ్లు, నాకు సరిగా వినపడేది కాదు. ఎవరికీ ఏమీ చెప్పమని నన్నెవరూ అడిగేవారు కాదు. నాకు కొంచెం కోపంగానే ఉండేది. ఒకసారి ముందుకి వంగి ఏంటి సంగతి అని అడిగితే వాళ్లు చెప్పేవాళ్లే. నాన్న పోయాడు, ఇప్పుడు బావా పోయాడు. ఆ ఇరవై ఆరేళ్ల లెక్చరర్ మాత్రం అడగకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు, వాళ్లేం మాట్లాడుకుంటున్నారో తనకి తెలుసనుకుని.